ఇంటినుండి ఉద్యోగము - ఉద్యోగి స్వీయ గుర్తింపు

తెలుగునాట ఇంటికి క్రొత్తగా వచ్చిన అతిథిని కుశలప్రశ్నలైన పిమ్మట అడుగునది సాధారణముగా ఒకటే ప్రశ్న: "తమరేమి చేయుచుందురు?" ఊరిలో మనుష్యులను వారి పేర్లతోకంటె వారి పనులతో పిలుచుటయే పరిపాటి. పోస్టుమాస్టరుగారు, డాక్టరుగారు, పంతులమ్మగారు, కండక్టరుగారు - ఇట్టి పిలుపులు ప్రతి వీధిలోను వినవచ్చును. ఉద్యోగ విరమణ చేసి ఇరువది యేండ్లైనను హెడ్మాస్టరుగారు ఊరివారికి హెడ్మాస్టరుగారే. దీనినిబట్టి ఉద్యోగము మనుష్యునకు జీతమును మాత్రమే గాక, "నేనెవరిని?" అను ప్రశ్నకు సమాధానమును గూడ ఇచ్చుచున్నదని తెలియుచున్నది.

చిరకాలముగా ఈ సమాధానము ఒక స్థలముతో ముడివడియుండెను. బడి, బ్యాంకు, ఆసుపత్రి, కర్మాగారము, ఆఫీసు - ఉద్యోగి అచటికి పోవుట పదిమంది కంటబడుచుండెను. 2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను ప్రపంచవ్యాప్త మహమ్మారిగా పేర్కొనెను. అదే నెల 25వ తేదీనుండి మన దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చెను. హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై, పూనా నగరములలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లను చంకన బెట్టుకొని ఇండ్లకు మరలిరి. పలువురు స్వగ్రామములకే తరలిపోయిరి. వ్యాధి శాంతించిన తరువాత కొన్ని సంస్థలు అందరిని తిరిగి పిలిచినవి. కొన్ని వారమునకు రెండు మూడు దినములు వచ్చిన చాలునన్నవి. మరికొన్ని ఇంటినుండియే పనిచేయనిచ్చుచున్నవి. కొన్నిచోట్ల పనివేళలుగూడ సడలినవి. జనులు వర్క్ ఫ్రమ్ హోమ్ అని పిలుచుచున్న ఈ పద్ధతి ఇపుడు లక్షలాది కుటుంబములకు నిత్యానుభవము.

ఇది ఆరోగ్యమునకు సంబంధించిన విషయమా యని కొందరికి సందేహము కలుగవచ్చును. 1948 ఏప్రిల్ 7వ తేదీన అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి, ఆరోగ్యమనగా రోగము లేకపోవుట మాత్రమే కాదనియు, శారీరకముగను, మానసికముగను, సాంఘికముగను సంపూర్ణమైన క్షేమమే ఆరోగ్యమనియు నిర్వచించినది. తన పనికి విలువ గలదనియు, పదిమందిలో తనకు చోటు గలదనియు నమ్మకమున్న మనస్సు స్వస్థముగ నుండును. ఆ నమ్మకము సడలినచో నిద్ర, ఆకలి, ఓర్పు, కుటుంబ శాంతి క్రమముగా చెడుచుండును.

ఇల్లే పనిచోటైన పూర్వపు వృత్తులు

ఇంట పనిచేయుట మన దేశమునకు క్రొత్తది కాదు. పోచంపల్లి, మంగళగిరి, వెంకటగిరి వంటి ఊళ్ళలో చేనేతవారి ఇల్లే పనిచోటు. గదిలో మగ్గపు గుంత, వాకిట పడుగు, ప్రక్కన రాట్నము - ఇంటిల్లిపాదియు ఆ పనిలో భాగస్వాములే. ఇట్టి వృత్తులవారికి ఇంటిలో పనిచేయుటవలన గుర్తింపు తగ్గలేదు. ఏలయన పని అందరి కన్నులయెదుటనే జరుగుచుండెను. వీధి వీధియంతయు అదే వృత్తిలో నుండెను. నేసిన చీరను చేతితో పట్టి చూపవచ్చును.

పనిచోటును ఇంటినుండి వేరుచేసినది యంత్రయుగము. 1771లో ఇంగ్లండులోని క్రామ్‌ఫర్డ్‌లో ఆర్క్‌రైట్ స్థాపించిన నూలు మిల్లు వంటి కర్మాగారములు కార్మికులను ఒక్కచోటికి రప్పించి, గంట కొట్టి పని ప్రారంభించి, గంట కొట్టి ముగించెడి పద్ధతిని నెలకొల్పినవి. ఆఫీసులు ఆ పద్ధతినే అనుసరించినవి. రెండు శతాబ్దముల తరువాత, 1973లో, అమెరికాకు చెందిన జాక్ నిల్లెస్ ఉద్యోగిని పనికడకు పంపుటకు మారుగా పనినే తంతి మార్గమున ఉద్యోగికడకు పంపవచ్చునని సూచించి, దానికి "టెలికమ్యూటింగ్" అని పేరిడెను. ఇంటర్నెట్టు వచ్చిన పిదప ఆ సూచన సుసాధ్యమైనది.

ఇంటిపనిలో మరియొక వైపును గూడ తెలిసికొనవలెను. నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో వేలాది స్త్రీలు ఇంట కూర్చుండి బీడీలు చుట్టుచున్నారు. ఉదయమునుండి రాత్రివరకు చేతులు ఆడుచున్నను, చూచువారికి వారు "ఇంటిపట్టుననున్న ఆడవారు" గనే కనబడుదురు. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టము వచ్చినపిదప వారికి గుర్తింపు కార్డులు ఇయ్యబడినవి. ఆ కార్డు వైద్య సహాయమునకును, పిల్లల విద్యార్థి వేతనములకును ఆధారమయ్యెను. అంతకుమించి, చేయు పని పనియేయని అది కాగితముమీద ఒప్పుకొనెను. నేతగాని ఇల్లును, బీడీ చుట్టు స్త్రీ ఇల్లును పోల్చి చూచినచో ఒక సత్యము తేలుచున్నది: గుర్తింపును చెరచునది ఇల్లు కాదు. పని ఎవరికిని కనబడకపోవుట, తోడు లేకపోవుట, హద్దు లేకపోవుట - ఇవియే దానిని చెరచుచున్నవి.

కార్యాలయము చెప్పకయే ఇచ్చుచుండిన ఐదు వస్తువులు

ఆస్ట్రియాలోని వియన్నా నగరమునకు సమీపమున మారియన్‌తాల్ అను గ్రామము కలదు. ఆ గ్రామమంతయు ఒక్క బట్టల మిల్లుపై ఆధారపడియుండెను. ఆర్థిక మాంద్యకాలమున ఆ మిల్లు మూతబడెను. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అను పరిశోధకులు గ్రామస్థుల జీవనమును పరిశీలించి 1933లో గ్రంథమును ప్రకటించిరి. చేతినిండ తీరిక యున్నను గ్రంథాలయమునుండి పుస్తకములు తీసికొనుట మిక్కిలి తగ్గెను. పురుషులు వీధిలో మెల్లమెల్లగా నడువసాగిరి. పలువురు గడియారము ధరించుటయే మానిరి. ఇంటిపని చేయవలసిన స్త్రీలకు మాత్రము దినచర్య చెడలేదు.

ఈ అనుభవమును మనస్సునందుంచుకొని యహోదా 1982లో ఒక సిద్ధాంతమును వివరించెను. ఉద్యోగము జీతముతోపాటు ఐదు వస్తువులను ఎవరును అడుగకయే ఇచ్చుచున్నదని ఆమె అభిప్రాయము. అవి ఇవి: దినమునకు కాలనియమము, కుటుంబము వెలుపలి వారితో సాంగత్యము, పదిమందితో కలసి సాధించు లక్ష్యము, సంఘములో హోదా, శరీరమును మనస్సును కదలించు క్రమమైన వ్యాపారము.

ఇంటినుండి పనిచేయువారు ఉద్యోగము కోల్పోయినవారు కారు. వారికి జీతమున్నది, పనియు నున్నది. అయినను ఈ ఐదింటిలో పెక్కు, కార్యాలయ భవనము ద్వారా లభించినవే. భవనము దూరమైనపుడు అవి తెలియకుండనే పలుచబడును.

కాలనియమము: ఉదయము బస్సు, సాయంకాలము బస్సు అను రెండు మేరలు తొలగిపోవుటచే దినమునకు ఆద్యంతములు లేకపోవును. వేళలు సడలిన ఉద్యోగమున ఈ సమస్య మరింత ఎక్కువ. అమెరికా ఖాతాదారుల వేళకు పనిచేయువారు ఇంటిలోనివారు మేలుకొనునప్పటికి నిద్రింతురు. ఒకే కప్పుక్రింద నుండియు వారు వేరొక కాలములో జీవించుచుందురు.

సాంగత్యము: టీ బల్లవద్ద రెండు నిముషముల మాటలు, మధ్యాహ్న భోజనపు డబ్బాలో పచ్చడి పంచుకొనుట, పెద్ద ఉద్యోగి భుజము తట్టుట - ఇవి చిన్న విషయములవలె తోచును. కాని మనుష్యుడు తనను తాను ఇతరుల మాటలలోనే గుర్తించుకొనును. తెరమీద జరుగు సమావేశములో పని ముచ్చటలేగాని ఈ ముచ్చటలకు తావుండదు. ఉద్యోగములో క్రొత్తగా చేరినవారికి ఈ లోటు మరింత బాధాకరము. పెద్దలు పనిచేయు తీరును ప్రక్కన కూర్చుండి చూచి నేర్చుకొను అవకాశము వారికి దొరకదు. సంస్థ పేరు తెలియునేగాని సంస్థ తనదను భావము కుదురుకొనదు.

సమష్టి లక్ష్యము: తన వంతు పనిని పంపివేసినవానికి అది ఎచటికి పోయెనో, ఎవరికి ఉపకరించెనో తెలియకపోవచ్చును. పని పూర్తియైన నాటి సంతోషమును పంచుకొనుటకు ప్రక్కన మనిషి యుండడు.

హోదా: అమలాపురములో మేడమీది గదిలో కూర్చుండి పనిచేయు యువకుని చూచి ఇరుగుపొరుగువారు, "అబ్బాయి ఇంటనే యున్నాడేమి, ఉద్యోగము పోయినదా?" అని అడుగుట సామాన్యము. అడిగినవారికి దురుద్దేశముండదు. విన్నవాని మనస్సులో మాత్రము ఆ ప్రశ్న నాటుకొనును. నెలనెల జీతము వచ్చుచున్నను, తాను ఉద్యోగినని ప్రతిదినము నిరూపించుకొనవలసిన దుస్థితి ఏర్పడును.

క్రమమైన వ్యాపారము: మంచమునుండి కుర్చీకి, కుర్చీనుండి మంచమునకు మాత్రమే కదలు దేహము చురుకు తగ్గును. నడక, మెట్లు, ఎండ, వీధి - ఇవన్నియు ప్రయాణముతోపాటు పోయినవి.

రెండు పాత్రల నడుమ దారి

ఇంటిలో తండ్రి, ఆఫీసులో అధికారి. ఇంటిలో కోడలు, ఆఫీసులో ఇంజనీరు. ఒకే మనిషికి ఇట్లు పలు పాత్రలుండుట సహజము. పూర్వము ఒక పాత్రనుండి మరియొక పాత్రకు పోవుటకు దారి యుండెడిది. స్నానము, ఇస్త్రీ బట్టలు, మెడలో కార్డు, బస్సులో అరగంట - ఈ ప్రయాణములో మనస్సు నెమ్మదిగా మారుచుండెడిది. ఇపుడు అడుగు దూరములో రెండు పాత్రలున్నవి. ఖాతాదారునితో గంభీరముగా మాటలాడుచున్న సమయముననే "గ్యాసు బండ వచ్చింది, చూడరా" యని కేక వినబడును. పలుమార్లు ఇటునటు మారుటచే మనస్సు అలయును. రెండు పాత్రలలోను తాను వెలితిగానే యున్నానను భావము కలుగును.

అమెరికా సంఘశాస్త్రవేత్త క్రిస్టీనా నిప్పర్ట్ ఎంగ్ 1996లో ప్రకటించిన గ్రంథములో, జనులు ఇంటికిని పనికిని నడుమ హద్దులను తాళపుచెవులు, క్యాలెండర్లు, దుస్తులు వంటి చిన్న వస్తువులతోనే ఏర్పరచుకొందురని చూపెను. కొందరు రెంటిని పూర్తిగా వేరుచేయ కోరుదురు. కొందరు కలిపివేయుటకు ఇష్టపడుదురు. ఇందు ఒకటి మంచిది, మరియొకటి చెడ్డది అని లేదు. తన స్వభావమునకు విరుద్ధమైన ఏర్పాటులో చిక్కుకొన్నపుడే బాధ అధికమగును. తాను ఏ కోవకు చెందినవాడో ప్రతి ఉద్యోగియు తెలిసికొనుట మేలు.

లాభములును మరువరాదు

ఈ పద్ధతివలన కలుగు మేళ్ళు స్వల్పములు కావు. చైనాలోని సీట్రిప్ అను ప్రయాణ ఏర్పాట్ల సంస్థలో నికొలస్ బ్లూమ్ మొదలగు ఆర్థికవేత్తలు సుమారు 250 మంది ఉద్యోగులతో తొమ్మిది నెలలపాటు ఒక పరీక్ష జరిపి 2015లో ఫలితములను ప్రకటించిరి. ఇంటినుండి పనిచేసినవారి పని 13 శాతము హెచ్చెను. ఉద్యోగము మానివేయువారి సంఖ్య సగమునకు తగ్గెను. అయినను పరీక్ష ముగిసిన పిదప ఇష్టమైనచో ఇంటనే యుండవచ్చునన్నపుడు, ఇంటినుండి పనిచేసినవారిలో సుమారు సగముమంది కార్యాలయమునకే మరలిరి. ఒంటరితనము అందులకు ఒక ముఖ్య కారణము. ఈ పరిశోధకులలో కొందరు ఆ సంస్థలో 2021, 2022 సంవత్సరములలో 1,612 మందితో మరియొక పరీక్ష జరిపిరి. వారమునకు రెండు దినములు ఇంట, మిగిలినవి కార్యాలయమున పనిచేసినవారిలో ఉద్యోగము వీడుట మూడవవంతు తగ్గెను. పనికిగాని పదోన్నతులకుగాని నష్టము కలుగలేదు. ఇంటికిని కార్యాలయమునకును నడుమ సమతూకము సాధ్యమేయని దీనివలన తెలియుచున్నది.

నడువజాలని వికలాంగునకు, దూరపు ఊరిలో వృద్ధులైన తల్లిదండ్రులను కనిపెట్టుకొనియున్న వానికి ఈ పద్ధతి ఉద్యోగినను గుర్తింపును నిలుపుటయే గాక, కొన్నిచోట్ల మొదటిసారిగా కలిగించుచున్నది. బాలింతలకు 26 వారముల సెలవు కల్పించిన 2017 నాటి ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ, పని స్వభావము అనుమతించినచో సెలవు ముగిసిన తరువాత యజమానితో ఒప్పందముపై ఇంటినుండి పనిచేయు వీలునుగూడ గుర్తించినది.

స్త్రీల విషయము

స్త్రీలకు ఈ పద్ధతి రెండు వైపుల పదునుగల కత్తి వంటిది. 2024లో భారత ప్రభుత్వము జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతము లేని ఇంటిపనులు చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 289 నిముషములు, పురుషులు 88 నిముషములు వెచ్చించుచున్నట్లు తేలినది. ఇంటనున్న స్త్రీ ఎప్పుడైనను పిలువదగినది యను అలవాటు కుటుంబములలో బలముగా నున్నది. పురుషుడు తలుపు మూసికొన్నచో "పనిలో ఉన్నాడు" అందురు. స్త్రీ తలుపు మూసికొన్నచో "పిల్లవాడు ఏడ్చుచున్నా వినదేమి?" అందురు. ఆమె జీతము ఇంటికి కావలెను. ఆమె ఉద్యోగము మాత్రము ఇంటిలో ఎవరికిని కనబడదు. బీడీ చుట్టు స్త్రీల అనుభవమే చదువుకొన్న ఇంజనీరు విషయమునను తిరిగి జరుగుచున్నది. కుటుంబము తలచుకొన్నచో దీనిని మాన్పవచ్చును.

ఆరాటమువలన కలుగు హాని

తన పని ఎవరికిని కనబడుట లేదను భయముచే పలువురు అవసరమునకు మించి పనిచేయుచున్నారు. రాత్రి పదకొండు గంటలకు వచ్చిన సందేశమునకును తక్షణమే జవాబిత్తురు. భోజనమునకు లేచినచో తెరమీద ఆకుపచ్చ చుక్క ఆరిపోవునేమోయని భయపడుదురు. ఇది శ్రద్ధవలె కనబడును. నిజమునకు గుర్తింపు కొరకు పడు ఆరాటము. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు 2021లో ప్రకటించిన అంచనా ప్రకారము, వారమునకు 35 మొదలు 40 గంటలు పనిచేయువారికంటె 55 గంటలు లేదా అంతకుమించి పనిచేయువారికి పక్షవాతము వచ్చు అపాయము 35 శాతమును, గుండె రక్తనాళముల వ్యాధిచే మరణించు అపాయము 17 శాతమును అధికము.

చేయదగిన పనులు

ఉద్యోగి: పని మొదలు, పని ముగింపు వేళలను నిర్ణయించుకొని ఇంటివారికి తెలుపవలెను. ప్రాతఃకాలమున స్నానముచేసి, బట్టలు మార్చుకొని, వీధిలో పదిహేను నిముషములు నడచివచ్చి పనిలో కూర్చుండవలెను. సాయంకాలము అట్లే నడచి ముగింపవలెను. పోయిన బస్సు ప్రయాణమునకు ఈ నడక బదులు. వేరు గది లేకున్నను ఒక మూల, ఒక బల్ల పనికి ప్రత్యేకించి, పని ముగిసినంతనే యంత్రమును మూసి కంటికి కనబడకుండ నుంచవలెను. దినమునకు ఒక్కసారియైన తోటి ఉద్యోగితో పనికి సంబంధింపని నాలుగు మాటలు మాటలాడవలెను. ఉద్యోగమునకు వెలుపలగూడ ఒక గుర్తింపును పెంచుకొనుట మంచిది. గ్రంథాలయము, భజన మండలి, ఆటస్థలము, పొలము - ఏదైనను సరే. ఒక్క స్తంభముపై నిలిచిన పందిరికంటె నాలుగు స్తంభముల పందిరి దృఢమైనది.

కుటుంబము: ఇంటనుండి చేయు పనియు పనియే యని ఒప్పుకొనవలెను. "ఇంటనే యున్నావుగదా" అను మాటను మానవలెను. పనివేళలలో అత్యవసరమైననేగాని పిలువరాదు. ఆమె పనివేళలో పిల్లలను, వంటను ఎవరు చూచుకొందురో ముందే పంచుకొనవలెను. ఉద్యోగి ఏ పని చేయుచున్నాడో, చేయుచున్నదో ఒకసారి కూర్చుండి అడిగి తెలిసికొనుట మంచిది. తల్లికి తన పనిని వివరించి చెప్పగల్గిన కుమారునకు ఆ పనిపై తనకే మక్కువ పెరుగును.

యాజమాన్యము: పనిగంటలను గాక పని ఫలితమును చూడవలెను. వేళ దాటిన తరువాత సందేశములు పంపరాదు. మంచి పనిని పదిమంది వినునట్లు మెచ్చుకొనవలెను. దూరముగానున్న వారిని పదోన్నతుల యెడ మరువరాదు. క్రొత్తగా చేరినవారిని మొదటి నెలలలో పెద్దల ప్రక్కన కూర్చుండబెట్టి పని నేర్పవలెను. అందరును ఒక్కచోట కలిసికొను దినములను ముందుగనే నిర్ణయింపవలెను. ఎవరికి ఇల్లు అనుకూలమో, ఎవరికి కార్యాలయము అనుకూలమో అడిగి తెలిసికొనవలెను. ఇరుకు ఇంటిలో ఆరుగురితో నివసించు ఉద్యోగికి కార్యాలయపు బల్లయే విశ్రాంతి కావచ్చును.

సహాయము ఎప్పుడు కోరవలెను?

రెండు వారములకు మించి నిద్ర పట్టకపోవుట, దేనియందును ఆసక్తి లేకపోవుట, తనవలన ఎవరికిని ప్రయోజనము లేదని పదేపదే తోచుట, మనుష్యులను తప్పించుకొని తిరుగుట, కారణములేని కోపము, మద్యపానము హెచ్చుట - ఇట్టి లక్షణములు కనబడినచో వాటిని బద్ధకమనిగాని, బలహీనతయనిగాని తలంపరాదు. సమీపమునందలి వైద్యుని సంప్రదింపవలెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను నంబరున ఫోను చేయవచ్చును. ఇది ఉచితము; రాత్రింబవళ్ళు పనిచేయును; తెలుగులో మాటలాడవచ్చును. బ్రతుకుమీద విరక్తి కలిగినచో ఒక్క దినమైనను జాగుచేయక, ఇంటివారికి చెప్పి సహాయము పొందవలెను.

పనిచోటు మారినను పనిచేయు మనిషి మారలేదు. మునుపు కార్యాలయము తనంతట తానిచ్చిన కాలనియమమును, సాంగత్యమును, గౌరవమును ఇపుడు ఉద్యోగియు, కుటుంబమును, యాజమాన్యమును ముగ్గురును కలసి తెలిసి ఏర్పరచుకొనవలసియున్నది. ఇంటిలోనివారు ఈ పత్రమును కలసి చదువుకొని, పనివేళలను గూర్చి నేటి సాయంకాలమే ఒక ఒప్పందమునకు వచ్చినచో అది మంచి ప్రారంభమగును.